డ్రిఫ్ట్ ఆటలో ట్యూనింగ్ పేజీని తెలుగులో చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు, నమస్కారం.

కారును రోడ్డు మీద గిర్రున తిప్పబోయి ఎవరైనా డివైడర్‌కు గుద్దితే, ఆ వార్తలో 'వీడియో గేమ్‌ల ప్రభావంతో డ్రిఫ్టింగ్' అన్న మాట వచ్చేస్తుంది. వార్త రాసినవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. హ్యాండ్ బ్రేక్ గుంజి వెనక టైర్లను ఈడ్చినంత మాత్రాన అది డ్రిఫ్ట్ కాదని చెప్పాలనుకుంటున్నాం. ఆ ఆటను ఎలా ఆడాలో తెలుగులో ఒక్కసారైనా అచ్చులో కనిపించాలన్న ఆశ కూడా ఉంది. ఉత్తరం కొంచెం పొడుగైంది, మన్నించి చోటివ్వండి.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఇంటర్, ఐటీఐ చదివే పిల్లలు చాలామంది ఈ స్ట్రీట్ డ్రిఫ్ట్ ఆటలు ఆడుతున్నారు. ఆటలో రెండు భాగాలుంటాయి. రోడ్డు మీద నడపడం ఒకటి, గ్యారేజీలో బండిని సరిచేసుకోవడం, అంటే ట్యూనింగ్, ఇంకొకటి. అసలు విద్య అంతా రెండోదాంట్లోనే ఉంది. ఆ ట్యూనింగ్ పేజీ తెరిస్తే క్యాంబర్, క్యాస్టర్, టో, ఫైనల్ డ్రైవ్ అని ఇంగ్లిష్ మాటలు వరుసగా కనబడతాయి. పిల్లలు బెదిరి వెనక్కి వస్తారు, లేదంటే ఎవరో పెట్టిన అంకెలను ఉన్నవున్నట్టు ఎక్కించుకుంటారు. ఆ అంకె ఎందుకు అంత ఉందో తెలియదు కాబట్టి, బండి మారిన రోజున మళ్లీ మొదటికి వస్తారు.

ముందు మాట స్పష్టం చేసుకుందాం. వెనక టైర్ల పట్టును కావాలని తప్పించి, ఆ జారుడును ఎక్స్‌లేటర్‌తో నిలబెట్టి, వెనక భాగం ఏ వైపు జారుతుంటే స్టీరింగ్‌ను ఆ వైపుకే తిప్పి పట్టుకుని, వంపు పొడుగునా బండిని అడ్డంగా నడిపించడం డ్రిఫ్ట్. వెనక భాగం కుడికి జారితే స్టీరింగ్ కుడికే తిరగాలి. జపాన్ ఘాట్ రోడ్ల మీద పుట్టిన ఈ పద్ధతిని కెయిచి త్సుచియా అనే రేసర్ లోకానికి పరిచయం చేశాడు. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు 2004లో మొదలయ్యాయి. అక్కడ ముందెవరు చేరారన్న దానికి మార్కులు ఉండవు. బండి ఏ గీత మీద వచ్చింది, ఎంత కోణంలో జారింది, ఎంత ధాటిగా నడిచింది అని చూస్తారు. ఆటల్లో పాయింట్ల లెక్క కూడా దాదాపు ఇదే: కోణం, వేగం, తెగకుండా ఎంతసేపు జారింది. గోడకు తగిలితే అప్పటిదాకా కూడిన గుణకం, అంటే పాయింట్లను ఇన్ని రెట్లు చేసే అంకె, పోతుంది.

బండి ఎంపిక దగ్గరే సగం పని తేలిపోతుంది. వెనక చక్రాలు తిరిగే బండి కావాలి. మొదలుపెట్టేవాళ్లకు 200 నుంచి 250 హార్స్‌పవర్, 1200 కిలోల చుట్టుపక్కల బరువు సరిపోతుంది. నిస్సాన్ సిల్వియా ఎస్15 స్పెక్ ఆర్ రకం అటువంటిదే: 2 లీటర్ల టర్బో ఇంజిన్, కంపెనీ లెక్కలో 250 హార్స్‌పవర్. పిల్లలు చేసే మొదటి తప్పు ఏమిటంటే, ఆటలో నాలుగు పైసలు చేరగానే ఇంజిన్ బలం పెంచే పెద్ద టర్బో కొనడం. టైర్లు, రెండు వెనక చక్రాలను కలిపి తిప్పే లాక్ డిఫరెన్షియల్, మార్చుకోగల సస్పెన్షన్, స్టీరింగ్ కటింగ్ (ముందు చక్రం తిరిగే మేర) పెంచే కిట్ అన్నీ అయ్యాకే ఇంజిన్ జోలికి పోవాలి. మామూలు కారులో ముందు చక్రం 35, 40 డిగ్రీల దాకా తిరుగుతుంది. కిట్ వేస్తే 60 దాకా పోతుంది. ఆ కటింగ్ లేని బండికి 500 హార్స్‌పవర్ పెడితే, కోణం కాస్త పెరగగానే స్టీరింగ్ చివరికి తగిలి బండి బొంగరమవుతుంది. స్టిక్కర్లు, నియాన్ దీపాలు, రంగుల వల్ల చాలా ఆటల్లో నడకలో వీసమెత్తు తేడా రాదు.

ఇక డిఫరెన్షియల్. మా జిల్లా పిల్లలకు దీన్ని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు, ట్రాక్టరు దగ్గర చూసిందే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేది హౌసింగ్ లోపలి పళ్లచక్రాలు. చిక్కేమిటంటే, పట్టు లేని చక్రం ఏదో తిరుగుడంతా దానికే పోతుంది. నాట్ల ముందు దమ్ము చేస్తుంటే ఒక చక్రం బురదలో దిగబడి అది ఒక్కటే తిరుగుతుంది, రెండోది కదలదు. అప్పుడు డ్రైవరు మడమ దగ్గరి లాక్ పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలు ఒక్కటై ట్రాక్టరు బయటపడుతుంది. గట్టు దగ్గర మలిపేటప్పుడు ఆ పెడల్ మీది నుంచి కాలు తీయకపోతే ట్రాక్టరు మలగనని మొండికేసి నేరుగా పోతుంది. డ్రిఫ్ట్ బండికి కావాల్సింది ఆ లాకే. రెండు వెనక చక్రాలు కలిసి జారితేనే జారుడు నిలుస్తుంది. లాక్ లేకపోతే లోపలి చక్రం ఒక్కటే పొగ లేపుతుంది, బయటి చక్రం పట్టు వదలదు, బండి మధ్యలో నిటారై పోతుంది. ఆటలో దీనికి రెండు అంకెలుంటాయి: ఎక్స్‌లేటర్ తొక్కినప్పటి లాక్, వదిలినప్పటి లాక్. మొదటిది 100 శాతం. రెండోది 80కి తగ్గకూడదు. తగ్గిస్తే తొక్కినప్పుడొక తీరు, వదిలినప్పుడొక తీరు బండి నడిచి చేతికి అంచనా దొరకదు.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికి గానీ బయటికి గానీ వాలి ఉండటం. ముందు చక్రాలను లోపలికి 3 నుంచి 5 డిగ్రీలు వాల్చాలి, ఆటలో మైనస్ గుర్తుతో ఉంటుంది. జారేటప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి బరువంతా ఒక ముందు చక్రం మీద పడుతుంది. ముందే వాల్చి పెట్టిన టైరు ఆ క్షణాన నేలకు పూర్తిగా ఆనుతుంది. వెనక చక్రాలకు సున్నా నుంచి మైనస్ 1 చాలు. తోసేవి అవే కాబట్టి అవి బల్లపరుపుగా ఉండాలి. టో అంటే పై నుంచి చూస్తే మన పాదాల వేళ్లు లోపలికో బయటికో తిరిగి ఉన్నట్టు చక్రాలు తిరిగి ఉండటం. ముందువి పిసరంత బయటికి, 0.1 నుంచి 0.3 డిగ్రీలు. వెనకవి పిసరంత లోపలికి. అలైన్‌మెంట్ షాపులో తెర మీద కనబడే అంకెలు కూడా ఇవే. క్యాస్టర్‌కు మోటార్‌సైకిల్ ముందు ఫోర్కు వాలు గుర్తుచేసుకుంటే చాలు. ఆ వాలు వల్లనే స్టీరింగ్ వదిలితే బండి పోయే వైపుకు తనంతట తాను తిరుగుతుంది. 6, 7 డిగ్రీలు పెట్టి బండి జారగానే చేతులు వదులు చేస్తే, స్టీరింగ్ దానికదే జారే వైపుకు పరుగెత్తుతుంది. దాన్ని అడ్డుకోకుండా సరైన చోట పట్టుకోవడమే నేర్చుకోవాల్సిన పని.

గాలి సంగతి పంక్చర్ షాపు భాషలోనే చెప్పవచ్చు. 30 పాయింట్లంటే 30 పీఎస్‌ఐ. కొన్ని ఆటల్లో బార్ లెక్క ఉంటుంది, 1 బార్‌కు 14.5 పాయింట్లు. ముందు టైర్లకు 28 నుంచి 30. వెనక మాత్రం ఇంజిన్ బలాన్ని బట్టి ఉంటుంది. బలం తక్కువైన బండికి 35, 40 దాకా కొడితే టైరు నేలను తక్కువ మేర తాకి సులువుగా జారుతుంది. 400 హార్స్‌పవర్ దాటిన బండికి అదే పని చేస్తే వెనక టైర్లు గుండు టైర్లలా ఊరికే తిరుగుతాయి, బండి ముందుకు పోదు. దానికి 25 దాకా దించాలి. ఒక్కో ఆటలో ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి గానీ ఏ వైపు పెంచాలి, ఏ వైపు తగ్గించాలి అన్నది మారదు.

గేర్ల దగ్గర లెక్క వేసుకోవడం బద్ధకిస్తే మిగతాదంతా వృథా. ఇంజిన్ పికప్ 4500 నుంచి 7000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య ఉందనుకోండి. వంపులన్నీ 3వ గేరులోనే తిప్పేటట్టు చూసుకోవాలి. 3వ గేరులో 7000 దగ్గర 110 కిలోమీటర్ల వేగం వస్తే, 4500 దగ్గర 71 వస్తుంది. అంటే 71 నుంచి 110 దాకా ఆ ఒక్క గేరులోనే బలం చేతిలో ఉంటుంది. ఇక్కడ ఒకటి గమనించాలి. ఆటలో మీటరు చాలావరకు చక్రం వేగాన్నే చూపిస్తుంది. టైర్లు జారుతున్నప్పుడు మీటరులో 110 ఉన్నా బండి నిజంగా పోయేది అంతకన్నా బాగా తక్కువ. వంపు మధ్యలో ఆర్‌పీఎం పైకి కొట్టుకుని టకటకమంటుంటే ఫైనల్ డ్రైవ్ (గేర్లన్నిటికీ కలిపి వర్తించే చివరి పళ్ల నిష్పత్తి) అంకె తగ్గించాలి. ఎక్స్‌లేటర్ పూర్తిగా తొక్కినా ఇంజిన్ మూలుగుతూ జారుడు ఆగిపోతుంటే ఆ అంకె పెంచాలి. ఒక్కసారికి 0.1 లేదా 0.2 మించి కదపవద్దు.

సస్పెన్షన్ గురించి ఒకటే మాట. బండి నేలకు అంటినట్టు ఉంటే ముచ్చటగా కనిపిస్తుందని వెనక స్ప్రింగులను రాయిలా బిగించేస్తారు. తొక్కినప్పుడు వెనక భాగం కాస్త కుంగితేనే టైర్ల మీద బరువు పడి తోపు నిలుస్తుంది. ముందు కన్నా వెనక ఒక పిసరు మెత్తగా ఉంచండి. షాకబ్జర్లలో లేచేటప్పటి బిగువు కుంగేటప్పటి బిగువు కన్నా ఎక్కువ ఉండాలి.

ఇవన్నీ ఒక్కసారి మార్చవద్దు. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఒక్క అంకె మార్చి, అదే వంపును 5 సార్లు తిప్పి, ఏమైందో రాసుకుని, అప్పుడు రెండో అంకెకు పోవాలి. మూడు అంకెలు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో బ్రహ్మకు కూడా తెలియదు.

నడపడం మొదలుపెట్టే ముందు ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఆపాలి. టైరు జారగానే ఇంజిన్ బలాన్ని కోసేయడమే ట్రాక్షన్ కంట్రోల్ పని. అది ఉన్నంతసేపు డ్రిఫ్ట్ రాదు. గేర్లు చేత్తో మార్చే పద్ధతి పెట్టుకోవాలి. ఆటలోని ఖాళీ మైదానంలో 2వ గేరులో ఒక స్తంభం చుట్టూ గుండ్రంగా తిరగండి. ఎక్స్‌లేటర్‌ను సగం దగ్గర పట్టి, స్తంభానికి దూరం మారకుండా 10 చుట్లు వచ్చేదాకా ఇంకేమీ చేయవద్దు. తర్వాత రెండు స్తంభాల మధ్య ఎనిమిది అంకె. అటు నుంచి ఇటు మారే క్షణంలో ఎక్స్‌లేటర్ కొద్దిగా వదలాలి, బరువు మారిన వెంటనే మళ్లీ తొక్కాలి. బస్సు బ్రేకేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలినట్టే, ఎక్స్‌లేటర్ వదిలితే బండి బరువు ముందుకు పోయి వెనక టైర్లు తేలికవుతాయి. డ్రిఫ్ట్‌లో చేసే పనంతా ఆ తూలుడును వాడుకోవడమే. హ్యాండ్ బ్రేక్ అందులో ఒక చిన్న సాయం: వంపులోకి దిగేటప్పుడు అర సెకను గుంజి వదిలేయాలి. వంపు పొడుగునా గుంజి పట్టుకునేవాళ్లు వేగం చంపుకుంటున్నారు, అంతే.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. బండి బొంగరంలా తిరిగిపోతే స్టీరింగ్ ఆలస్యంగా తిప్పినట్టు, లేదా రేస్ ఎక్కువ ఇచ్చినట్టు. వంపు చివర ఒక్కసారిగా అవతలి వైపుకు విదిలించి కొడితే, కోణం ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్స్‌లేటర్ మొత్తం వదిలేశారన్నమాట. వెనక టైర్లకు పట్టు ఒక్కసారే తిరిగొచ్చి, స్టీరింగ్ ఏ వైపుకు తిరిగి ఉందో బండి అటే దూకుతుంది. కాలు మెల్లగా తీయాలి, స్టీరింగ్ దానితోపాటే నిటారుకు రావాలి. బండి మలగకుండా ముందుకే పోయి గోడ పట్టుకుంటే వేగం ఎక్కువై ఉంటుంది, లేదా ముందు టైర్లలో గాలి ఎక్కువై ఉంటుంది. మూడు నాలుగు సార్లు ఒకే రకంగా చెడితేనే ట్యూనింగ్ పేజీకి పోవాలి. ఒక్కోసారి ఒక్కో రకంగా చెడుతుంటే లోపం బండిలో లేదు, చేతిలో ఉంది.

ఫోన్లో ఆడేవాళ్లకు వేరే బాధలున్నాయి. తెర మీది ఎక్స్‌లేటర్ బటన్ వేలు పెడితే 100, తీస్తే సున్నా. సగం తొక్కుడు అందులో లేదు. జరిపే పెడల్ ఉన్న ఆటలో అది పెట్టుకోండి, లేదా వేలితో లోతుగా నొక్కే ట్రిగ్గర్లు ఉన్న గేమ్‌ప్యాడ్ వాడండి. సెకనుకు 60 బొమ్మలు వస్తే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. 30కి పడిపోతే 33.3. డ్రిఫ్ట్‌లో ఆ ఆలస్యం చేతికి తెలుస్తుంది. మే నెలలో నల్లగొండ ఎండకు రేకుల గదిలో ఫోన్ పెనంలా వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఛార్జింగ్ పెట్టి ఆడవద్దు, వెనక కవరు తీసేయండి, నీడలు, పొగ, ప్రతిబింబాల సెట్టింగులు తగ్గించండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఇంజిన్ చప్పుడు ఆలస్యంగా వస్తుంది. ఆర్‌పీఎం చెవితో పట్టుకోవాల్సిన ఆట ఇది, వైరు ఇయర్‌ఫోన్లే మేలు. గేమింగ్ సెంటర్లలో స్టీరింగ్ చక్రాన్ని ప్లాస్టిక్ టేబుల్‌కు బిగిస్తే టేబులే ఊగుతుంది, మందమైన చెక్క బల్ల కావాలి. 900 డిగ్రీలు తిరిగే చక్రాన్ని డ్రిఫ్ట్ కోసం 540 నుంచి 720 మధ్యకు తగ్గించుకుంటే చేతులు అందుకుంటాయి. పెడల్ ముట్టకపోయినా తెర మీద గీత వణుకుతుంటే లోపల దుమ్ము చేరినట్టు. కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవాలి, కిరోసిన్ పోయవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఆటలో నిజం డబ్బు పోయకుండా, ఫోన్ ప్లేస్టోర్‌లో కొనుగోలుకు ప్రతిసారి పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి. మంచి ట్యూనింగ్‌కు అసలు డబ్బు పెట్టక్కర్లేదు, ఓపిక పెట్టాలి.

చివరగా రోడ్డు సంగతి. ఇది బెదిరించడానికి రాయడం లేదు, ఆటను ప్రేమిస్తాం కాబట్టే రాస్తున్నాం. స్విఫ్ట్ లాంటి మన ఇళ్ల ముందుండే చిన్న కార్లలో ముందు చక్రాలే తోస్తాయి. పైన చెప్పిన ఎక్స్‌లేటర్ విద్య ఏదీ వాటికి పనికిరాదు. హ్యాండ్ బ్రేక్ గుంజితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అదుపు తప్పుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. బొలెరో, ఈకో వెనక చక్రాల బండ్లే గానీ ఎత్తు ఎక్కువ. పక్కకు జారుతూ టైరు గుంతలో గానీ రోడ్డు అంచున గానీ పడితే బోల్తా కొడతాయి. ఆటలోని తారు అంతా ఒకే తీరు ఉంటుంది. మా ఊళ్ల రోడ్ల మీద కోతల కాలంలో వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద టైరు గోళీల మీద నడిచినట్టే. 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్లు దాటుతుంది, ఆ కుప్ప పక్కన కాపలా పడుకున్న మనిషి కనబడేసరికి ఏ స్టీరింగూ అందదు. మోటారు వాహనాల చట్టంలో రోడ్డు మీద రేసులకు సెక్షన్ 189 కింద మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మైనరు నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. బండిని కంపెనీ ఇచ్చిన లెక్కకు భిన్నంగా మార్చడాన్ని సెక్షన్ 52 ఒప్పుకోదు. కాబట్టి క్యాంబర్ వాల్చడం, కటింగ్ పెంచడం ఆట గ్యారేజీలోనే ఉండాలి.

మా కోరిక ఒక్కటే. మీ చదువుల పేజీలో వారానికి ఒక్క మాట చొప్పున చోటివ్వండి: ఈ వారం డిఫరెన్షియల్, వచ్చే వారం క్యాంబర్. ఐటీఐ, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ గురువుల చేత రాయించండి. పిల్లవాడు రాత్రి ఆటలో కదిపిన అంకెనే తెల్లారి వర్క్‌షాపులో జాకీ ఎత్తిన బండి కింద చూపించగలిగేది వాళ్లే. మొదటి వారం డిఫరెన్షియల్‌తోనే మొదలుపెడితే బాగుంటుంది, ట్రాక్టరు బొమ్మ పక్కన వేసి.

ఇట్లు,
కార్ల వర్క్‌షాపుల్లో, గేమింగ్ సెంటర్లలో పనిచేసే కొందరం,
నల్లగొండ